దారి ఖర్చు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘం కార్యదర్శిగారు ఈ పూట నాలుగు మాటలు చెప్పవలసిందని మమ్మల్ని ఆదేశించారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవారము. రైల్వేలో చిన్న పనిలో చేరి, తరువాత శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తా అయినవారము. గూడ్సు ఆఫీసులో బిల్లులు వ్రాసుకొనేవారికి ఉపన్యాసమెందుకని మొదట వెనుదీశాము. కాని మొన్న సంక్రాంతికి మనవారు కొందరు కలిసి ఒక కారు మాట్లాడుకొని ఊళ్ళకు వెళ్ళివచ్చారు. తిరిగి వచ్చిన తరువాత గోల్ బజారులో నిలబడి, ఫోనులో వచ్చిన టోలుగేటు మెసేజీలు ఒక్కొక్కటే కూడుకుంటూ, “ఇన్ని డబ్బులు ఎవరి జేబులోకి పోతున్నాయండీ? రోడ్డు సర్కారువారిది కాదా?” అని మమ్మల్ని అడిగారు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాము. నాటి నుండి తెలిసినవారిని అడిగి, కాగితాలు చదివి, తెలుసుకొన్నంత మేరకు ఈ పూట చెప్పుకుంటాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా ఊరు దరియాలతిప్ప. యానాం పట్నానికి దిగువన, గౌతమి ఒడ్డున, చేపల వేట మీద బ్రతికేవారి ఊరు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేడు పుదుచ్చేరి కింద ఉన్న యానాం ముక్క అంతా కలిపితే 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్ర దేశమే. మా అమ్మ పుట్టిల్లు ఏటికి అవతల కోనసీమలో. మా చిన్నతనంలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలంటే యానాం రేవులో పంటు ఎక్కి ఎదుర్లంకలో దిగాలి. పంటు అటు ఉంటే మేము ఇటు. మేము అటు ఉంటే పంటు ఇటు. ఆఖరి పంటు తప్పిపోతే ఆ రాత్రి ఒడ్డు మీదనే.

మాకు ఎనిమిదేళ్ళప్పుడు శ్రావణమాసంలో తాతగారికి ప్రాణం మీదికి వచ్చిందని కబురు వచ్చింది. గౌతమికి వరద. రేవు కట్టేశారు. అమ్మ తడిసిన గట్టు మీద సాయంత్రం దాకా కూర్చుని, ఎర్రనీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. నీరు తీసి పంటు కదిలేసరికి అవతల కార్యమంతా అయిపోయింది. కన్నతండ్రి కడచూపు ఆమెకు దక్కలేదు. ఆ తరువాత ఆ రేవు మీద వారధి వచ్చింది. 2002లో కన్నుమూసిన లోక్‌సభ స్పీకరు బాలయోగిగారి పేరు దానికి పెట్టుకున్నారు. ఇప్పుడు అదే ఏరు దాటటానికి ఒక్క తాంబూలం నమిలేంత సేపు కూడా పట్టదు. కాబట్టి రోడ్లూ వారధులూ వద్దనే మాట మా నోట ఎన్నటికీ రాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాము. రోడ్డు కావాలి. అయితే దాని ఖర్చు ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో పెట్టుకుంటున్నారో ఎరిగి ఉండటం మన పని.

మనలో చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. కలకత్తా నుండి మద్రాసు పోయే 16వ నంబరు జాతీయ రహదారి మన ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. బాలేశ్వరం, భువనేశ్వరం, విశాఖపట్నం, తుని దాటి అదే రోడ్డు కత్తిపూడి చేరుతుంది. అక్కడ 216వ నంబరు రహదారి విడివడి కాకినాడ, యానాం, కోనసీమల మీదుగా పోయి ఒంగోలు దగ్గర మళ్ళీ 16లో కలుస్తుంది. మన క్వార్టర్ల పక్కనున్న రోడ్డు, మా దరియాలతిప్పవారు పట్నానికి పోయే రోడ్డు ఒకే చెట్టు కొమ్మలన్నమాట. భీమవరం, ఆకివీడు చెరువుల చేపలను ఐసు పెట్టెలలో వేసుకొని హౌరా మార్కెట్టుకు పోయే లారీలన్నీ మన పక్క నుండే పోతున్నాయి. ఇక్కడ మనం కొనే ఆంధ్రా చేప ఖరీదులో దారిలోని టోలుగేట్లన్నిటి వాటా కలిసి ఉన్నది.

ఇక ఈ రోడ్లకు పైకం ఎట్లా వచ్చిందో చూద్దాము. ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. మోటారు బళ్ళు పెరిగి పాత రోడ్లు తట్టుకోలేకపోతున్నాయని 1927లో జయకర్‌గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ మాట మీద 1929లో రోడ్డు నిధి ఏర్పడింది. పెట్రోలు మీద గాలనుకు రెండణాలు ఎక్కువ వసూలు చేసి ఆ డబ్బు రోడ్లకు వాడాలన్నారు. తరువాత 1943లో దేశంలోని చీఫ్ ఇంజనీర్లందరూ నాగపూరులో కూడి, జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అని తరగతులు ఏర్పరచి 20 ఏండ్ల ప్లాను గీశారు. నేడు మనం వాడే పేర్లు ఆనాడు పెట్టినవే.

ఆ రోజులలో ప్లాను పెద్దది, పైకం చిన్నది. పైకం లేని ప్లాను గతి ఏమిటో రైల్వేవారమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మా ప్రాంతంలోనే కాకినాడ నుండి కోటిపల్లికి 1928లో రైలు మార్గం వేశారు. పన్నెండేండ్లు తిరగకుండా, 1940లో, యుద్ధం రోజులలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ ఆ పట్టాలు పడింది 2004లో. అక్కడ నుండి మూడు గోదావరి పాయలు దాటి నరసాపురం చేరవలసిన మార్గం 2000-01 బడ్జెట్టులో మంజూరైంది. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. పావు శతాబ్దం గడిచినా రైలు ఇంకా నరసాపురం చేరలేదు. ఒకరి వాటా వస్తే ఇంకొకరి వాటా రాదు. ఈలోగా సిమెంటు ధర పెరుగుతుంది, ఇనుము ధర పెరుగుతుంది, నేల ధర పెరుగుతుంది. ఆలస్యమైన పనికి రెండు ఖర్చులు: పని ఖర్చొకటి, ఆలస్యం ఖర్చొకటి.

అందుచేత రోడ్ల విషయంలో ప్రభుత్వంవారు అప్పు దారి పట్టారు. రాజానగరం నుండి సామర్లకోట మీదుగా కాకినాడ పోయే రోడ్డును మా వైపు జనం నేటికీ “ఏడీబీ రోడ్డు” అంటారు. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వేసిన రోడ్డు గనుక ఆ పేరు నిలిచిపోయింది. అప్పిచ్చినవాడి పేరే రోడ్డు పేరైపోయింది. కూతురు పెళ్ళికి అప్పు ఇచ్చిన షావుకారు పేరు ఇంట్లో పదేపదే వినపడినట్లు!

పెద్ద మార్పు 1999లో వచ్చింది. ప్రధాని వాజపేయిగారి హయాంలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలను కలిపే స్వర్ణ చతుర్భుజి పని మొదలైంది. మొత్తం 5,846 కిలోమీటర్లు. అందులో అప్పటి ఆంధ్ర రాష్ట్రానికి వచ్చినది 1,014 కిలోమీటర్లు; ఏ రాష్ట్రానికీ ఇంత భాగం రాలేదు. ఇచ్ఛాపురం నుండి తడ దాకా మన తీరం పొడుగునా నాలుగు వరుసల రోడ్డు పడింది. ఇప్పుడు ఆ నాలుగును ఆరు చేసే పని ముక్కలు ముక్కలుగా సాగుతున్నది.

రోడ్డును వెడల్పు చేయాలని ఎట్లా నిర్ణయిస్తారు? ముందు బళ్ళను లెక్క పెడతారు. వారం రోజులపాటు రాత్రింబవళ్ళు రోడ్డు పక్కన మనుషులను కూర్చోబెట్టి, ఏ జాతి బండి ఎన్నిసార్లు పోయిందో వ్రాయిస్తారు. అన్ని బళ్ళనూ కారు కొలతకు మారుస్తారు. కారు ఒకటి అయితే మోటారు సైకిలు అర. లారీ, బస్సు మూడేసి. ఇక ఎడ్లబండికి ఎంత వేశారనుకున్నారు? ఎనిమిది! నిదానంగా పోయి వెనుకవారిని నిలబెడుతుంది గనుక దానికి అంత బరువు. 1990 నాటి ఇంజనీర్ల పట్టికలో ఈ లెక్క ఉన్నది. ఈ లెక్కల మీద, రాబోయే ఇరవై ముప్ఫై ఏండ్లలో రద్దీ ఏటా ఎంత పెరుగుతుందో ఊహ కడతారు. ఆ ఊహ మీద టోలు రాబడి, రాబడి మీద అప్పు, అప్పు మీద రోడ్డు. అన్నిటికీ పునాది రోడ్డు పక్కన కూర్చున్న మనిషి పెట్టిన గీతలే.

ఇక డబ్బు తెచ్చే పద్ధతులు. వీటికి ఇంగ్లీషులో ఏవేవో అక్షరాల పేర్లున్నాయి. మన ఇంటి భాషలో చెప్పుకుందాము.

మొదటిది సుంకం పద్ధతి. పెట్రోలు, డీజిలు మీద లీటరుకు ఇంతని వసూలు చేస్తారు. 2000లో దీనికి చట్టం చేసినప్పుడు లీటరుకు ఒక రూపాయి ఉండేది, తరువాత పెరిగింది. ఇది రోడ్డెక్కినవాడూ ఎక్కనివాడూ ఇచ్చే డబ్బు. మావాళ్ళు నావ ఇంజనులో పోసే డీజిలు రోడ్డెక్కదు గదా! రాయితీల మాట వేరు గాని, సుంకం సుంకమే. ఇందులో ఇంకొక వింత. పుదుచ్చేరి పన్ను తక్కువ గనుక యానాంలో పెట్రోలు చవక. కోనసీమ, కాకినాడ బళ్ళన్నీ మా బంకుల ముందు బారులు తీరుతాయి. అరగేది ఆంధ్రలో రోడ్డు, రాష్ట్రపు పన్ను పోయేది పుదుచ్చేరికి! నూనె మీద పన్ను వేస్తే ఆ డబ్బు నూనె కొన్న చోటుకు పోతుంది, బండి తిరిగిన చోటుకు పోదు. టోలు పద్ధతిని బలపరచేవారు చెప్పే వాదంలో నిజం ఇక్కడున్నది: వాడుకున్న రోడ్డుకు వాడుకున్నవాడే ఇస్తాడు.

రెండవది, కంపెనీవారే కట్టి టోలు వసూలు చేసుకొనే పద్ధతి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టాన్ని 1995లో సవరించి ప్రైవేటువారికి దారి ఇచ్చారు. మా రేవులో పాట పాడుకున్నవాడు పంటు నడుపుకొని, మనిషికింత, సైకిలుకింత అని వసూలు చేసుకొనేవాడే, అటువంటిదే ఇది. లాభమూ నష్టమూ పాటదారువే. అయితే నష్టం నిజంగా అతనిదేనా? హైదరాబాదు–విజయవాడ రోడ్డు 181 కిలోమీటర్లు ఒక కంపెనీ ఈ పద్ధతిలో నాలుగు వరుసలు చేసింది. 2012 నుండి టోలు మొదలైంది. 2014లో రాష్ట్రం రెండుగా చీలింది. రాకపోకలు తగ్గాయని, ఇసుక లారీలు తగ్గాయని, అనుకున్న రాబడి రాలేదని కంపెనీవారు తగవుకు వెళ్ళారు. చివరకు 2024లో పరిహారం మీద ఒప్పందమై రోడ్డు జాతీయ రహదారుల సంస్థ చేతికి తిరిగి వచ్చింది. రోడ్డు పక్కన గీతలు పెట్టినవాడు రాష్ట్రం చీలుతుందని కలగనలేదు గదా! ఊహ తప్పినప్పుడు ఆ బరువులో కొంత తిరిగి ప్రజల ఖజానా మీదికే వస్తుందని ఈ కథ చెబుతున్నది.

మూడవది వాయిదాల పద్ధతి. తుని–అనకాపల్లి మధ్య 59 కిలోమీటర్లు ఇట్లా కట్టినవే. కంపెనీ రోడ్డు కట్టి, పదిహేడున్నర ఏండ్ల ఒప్పందంలో దానిని చూసుకోవలసి ఉండేది. బళ్ళు ఎక్కువ పోయినా తక్కువ పోయినా ఆరు నెలలకొకసారి ముందుగా కుదిరిన మొత్తం సర్కారు ఇస్తుంది. టోలు వసూలు చేస్తే అది సర్కారుకు చేరుతుంది. కంపెనీకి ఇది జీతం, రెండవ పద్ధతి వ్యాపారం, అంతే తేడా. ఈ వాయిదాల పద్ధతిని మార్చి 2016లో ఇంకొకటి తెచ్చారు. కట్టేటప్పుడు నూటికి 40 వంతులు సర్కారు ఇస్తుంది. మిగిలిన 60 కంపెనీ అప్పు తెచ్చుకుంటే, దానిని 15 ఏండ్లలో వాయిదాలుగా తీరుస్తుంది. రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల రోడ్డులో ఆంధ్ర భాగాలు ఈ దారినే చేపట్టారు.

నాలుగవది మనకు చక్కగా తెలిసిన పద్ధతి. కొబ్బరితోట ఉన్నవాడు డబ్బు అవసరం పడి, కొన్నేండ్ల కాపు ముందుగానే అమ్ముకొని రొక్కం పుచ్చుకుంటాడు చూడండి, అది. సర్కారు డబ్బుతో కట్టి నడుస్తున్న రోడ్ల టోలును ఏండ్ల తరబడి ఒకరికి ఇచ్చి ఒక్కసారిగా రొక్కం తీసుకుంటారు. 2018లో ఆంధ్ర, గుజరాత్‌లలోని 9 రోడ్డు భాగాలకు ఇట్లా రూ. 9,681 కోట్లు వచ్చాయి. 2023లో హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 30 ఏండ్లకు రూ. 7,380 కోట్లకు ఇచ్చారు. తోట కాపు అమ్ముకోవటం తప్పు కాదు. ఆ డబ్బుతో ఇంకొక తోట వేస్తే తెలివి; తినేస్తే ముప్ఫై ఏండ్లు మనుమలు చెట్లకేసి చూస్తూ కూర్చోవాలి. ఏ సర్కారునైనా మనం అడగవలసిన ప్రశ్న “ఎంతకు ఇచ్చారు?” అన్నది ఒక్కటే కాదు, “ఆ డబ్బు ఏ రోడ్డులో పెట్టారు?” అన్నది కూడా.

ఇప్పుడు మన జేబు సంగతి. 2008 నాటి నియమాల ప్రకారం మామూలు నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కిలోమీటరుకు మూల రేటు, 2007-08 లెక్కన, కారుకు 65 పైసలు, చిన్న సరకు బండికి రూపాయి ఐదు పైసలు, రెండిరుసుల లారీకి రెండు రూపాయల ఇరవై పైసలు. దీని మీద ఏటా నూటికి మూడు వంతులు, టోకు ధరల పెరుగుదలలో నూటికి నలభై వంతులు కలుపుతారు. నేటి రేటు అప్పటికంటె చాలా ఎక్కువ. కాని బళ్ళ మధ్య నిష్పత్తి ముఖ్యం గనుక ఆ పాత అంకెలతోనే లెక్క కడదాము. గూడ్సు గుమాస్తాకు ఇదొక్కటే చేతనైన విద్య.

పది టన్నుల సరకు వేసుకున్న లారీ 100 కిలోమీటర్లు పోతే టోలు 220 రూపాయలు. పదివేల కిలోలకు పంచితే కిలోకు రెండు పైసల చిల్లర. టోలు వల్లనే ధరలు మండిపోతున్నాయనేది, నిండు లారీ విషయంలో, నిలబడే మాట కాదు. మేము కూడా అట్లాగే అనుకునేవారము. లెక్క కట్టి చూశాక మాట మార్చుకున్నాము. మరి మా ఊరి చిన్న వ్యాపారి అయిదు వందల కిలోల చేపలు చిన్న బండిలో వేసుకొని అదే దూరం పోతే 105 రూపాయలు. కిలోకు 21 పైసలు! నిండు లారీ మీద పడినదానికి దగ్గర దగ్గర పది రెట్లు. రైల్వేలో నిండు వ్యాగనుకూ చిన్న పార్సెలుకూ ఉన్న తేడా వంటిదే ఇది. టోలు ఎక్కువా తక్కువా అని తగవులాడుకుంటాము గాని, అది చిన్నవాడి మీద ఎక్కువగానూ పెద్దవాడి మీద తక్కువగానూ పడుతున్నదనే సంగతి ఎవరూ ఎత్తరు. 2025 ఆగస్టు 15 నుండి మూడు వేల రూపాయలకు ఏడాది పాసు ఇచ్చారు. ఏడాది గాని, 200 గేట్లు గాని, ఏది ముందైతే అది. చాలా మంచిది. కాని అది సొంత కార్లకే. చేపల బండికి లేదు. సభలలో, అర్జీలలో మనం మాట్లాడవలసినది ఈ మాట.

టోలుగేటుకు 20 కిలోమీటర్ల లోపల ఉన్నవారి సొంత బండ్లకు నెలవారీ పాసు ఇవ్వాలని ఆ నియమాలలోనే ఉన్నది. మోటారు సైకిలుకు, ఆటోకు, ట్రాక్టరుకు, ఎడ్లబండికి జాతీయ రహదారి మీద టోలు లేదు. ఊళ్ళలో మీవారికి ఈ సంగతులు చెప్పండి. తెలియక ఇచ్చేవారు ఇంకా ఉన్నారు.

సోదరసోదరీమణులారా! ఇంతవరకు చెప్పినది డబ్బు రూపంలోని దారి ఖర్చు. ఇంకొక ఖర్చున్నది. అది నేల. మనబోటి వలస కుటుంబాలకు అన్నిటికంటె బరువైనది అదే. మా ఇంట్లో జరిగినదే చెబుతాము. దీనిలో ఏ ఆఫీసునూ నిందించబోము. నింద మా మీదనే ఉన్నది.

మా తాతగారికి ఏటి అవతల రోడ్డు పక్కన కొబ్బరితోట ఉండేది. పైన చెప్పిన ఆ వరదలో పోయినది ఆయనే. ఆయన పోయాక తోట మా మేనమామ చేసుకుంటూ వచ్చారు. అందులో అమ్మకూ పిన్నికీ వాటా ఉన్నదని అందరికీ తెలుసు. కాగితంలో మాత్రం చనిపోయిన తాతగారి పేరే. “మన మధ్య కాగితాలెందుకు?” అనుకున్నాము. కొన్నేండ్లకు రోడ్డు వెడల్పు చేయటానికి ఆ తోటలో పద్దెనిమిది సెంట్లు కావలసి వచ్చింది.

చట్టం ప్రకారం ముందు గెజిట్టులో ప్రకటన వేస్తారు. ఆ సారాంశం రెండు స్థానిక పత్రికలలో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో. గెజిట్టులో పడిన నాటి నుండి 21 రోజులలో అభ్యంతరం చెప్పుకోవచ్చు. తరువాత, ఆ నేలలో హక్కున్నవారు వచ్చి తమ హక్కు చెప్పుకోవలసిందని మరొక ప్రకటన వేస్తారు. మా మేనమామ చేపల చెరువుల దగ్గర పనిలో ఉండి పత్రిక చూడలేదు. ఎవరో చెబితే, “సర్కారు ఉద్యోగంలో ఉన్న మేనల్లుడు ఉన్నాడు, వాడికి తెలియకుండా ఉంటుందా?” అనుకున్నారట. ఖరగ్‌పూర్‌కు ఆ పత్రిక రాదు. మేమేమో, “తోట దగ్గర ఉన్నది మామయ్య, ఆయన చూసుకోరా?” అనుకున్నాము. ఒకరి మీద ఒకరం భారం వేసి ఇద్దరమూ నిద్రపోయాము.

కొలతలకు వచ్చిన రోజున తోటలో ఎవరూ లేరు. కొబ్బరిచెట్లు లెక్క పెట్టుకున్నారు. తాతగారు తవ్వించిన నుయ్యి కలుపు మొక్కల చాటున ఉండిపోయి పట్టీలోకి ఎక్కలేదు. డబ్బు మంజూరైనా చేతికి రాలేదు. కాగితంలో ఉన్నవారు లేరు, ఉన్నవారు కాగితంలో లేరు. వారసుల ధ్రువపత్రం కోసం తిరిగారు. వాటాల మాట వచ్చేసరికి అక్కచెల్లెళ్ళ మధ్య, అన్నాచెల్లెళ్ళ మధ్య ఎన్నడూ లేని మాటలు వచ్చాయి. ఏడాదిన్నరపాటు అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. ఏరు దాటటానికి వారధి ఉన్నది. ఆమె మాత్రం దాటలేదు. ఒకనాడు పంటు లేక ఆగిపోయిన మనిషి, ఈనాడు రోడ్డు డబ్బు మీద ఆగిపోయింది.

చివరకు మేము సెలవు పెట్టి వెళ్ళి, మామయ్యను, పిన్నిని, అమ్మను ఒక్కచోట కూర్చోబెట్టాము. మామయ్య తలవంచుకొని, “ఏరా అబ్బాయ్, రోడ్డు వద్దని నేనన్లేదు. డబ్బు తక్కువని కూడా అన్లేదు. ఇక్కడ నుయ్యి ఉందని చెప్పేవాడు లేకుండా పోయాడ్రా” అన్నారు. అమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళి అందరికీ కాఫీ పెట్టి తెచ్చింది. ఆ సాయంత్రమే ముగ్గురూ సంతకాలు పెట్టారు. డబ్బు వచ్చింది. నూతి సంగతి మాత్రం గడచిపోయింది. అవార్డు చాలదనుకున్నవారు మధ్యవర్తి దగ్గరకు పోయే హక్కు చట్టంలో ఉన్నదని మాకు తరువాత తెలిసింది. ఇప్పుడు ఆ నుయ్యి ఉన్నచోట లారీలు పోతున్నాయి. మేము ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బస్సు కిటికీలోనుండి ఆ చోటు పోల్చుకోవాలని చూస్తాము. దొరకదు.

ఈ కథ మా ఇంటి గొప్ప చెప్పుకోవటానికి చెప్పలేదు. ఈ సభలో కూర్చున్నవారిలో ఎందరికి శ్రీకాకుళంలోనో, విశాఖలోనో, గోదావరి జిల్లాలలోనో తాతల నాటి నేల ముక్క ఉన్నదో, అందులో ఎందరి కాగితం ఇంకా పోయినవారి పేరనే ఉన్నదో ఎవరికి వారే గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి మనవాళ్ళు ఇక్కడకు వస్తూనే ఉన్నారు. మూడు తరాలైనా పేర్లు మార్పించుకోని కుటుంబాలు మాకు తెలిసినవే పది ఉన్నాయి. ఆరు వరుసల పనులు, బైపాసులు, ఓడరేవు రోడ్లు మన తీరమంతా సాగుతున్నాయి. రోడ్డు మన కోసం ఆగదు. 21 రోజులు మనం సెలవు పెట్టి వెళ్ళిరావటానికే చాలవు.

కనుక ఈ కొత్త సంవత్సరంలో మన సంఘం మూడు పనులు చేపట్టాలని సవినయంగా కోరుతున్నాము. ఒకటి: ఊళ్ళో నేల ఉన్న ప్రతి కుటుంబమూ వేసవి సెలవులలో వెళ్ళినప్పుడు పోయినవారి పేరు తీయించి, ఉన్నవారందరి పేర్లూ, ఆడపడుచుల పేర్లతో సహా, వ్రాయించుకోవాలి. రెండు: మన సంఘం గదికి తీరజిల్లాల తెలుగు పత్రికలు తెప్పించాలి. ప్రతి ఆదివారం ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చుని భూసేకరణ ప్రకటనలు చదివి, మనవారి ఊళ్ళ పేర్లు ఉంటే బోర్డు మీద వ్రాయాలి. ఇంటర్నెట్టులో గెజిట్టు చూడటం వచ్చినవారు మనలో ఉన్నారు. వారు ఆ సాయం చేయాలి. మూడు: మన ఊళ్ళకు కొత్త రోడ్డు వస్తున్నదని విన్నప్పుడు “ఎప్పుడు వేస్తారు?” అని మాత్రమే కాకుండా, “డబ్బు ఏ పద్ధతిలో తెస్తున్నారు? టోలు ఎంతకాలం? చిన్న బండికి ఏమి వెసులుబాటు?” అని అడగటం అలవాటు చేసుకోవాలి. అడగవలసినది రోడ్డు పడకముందు. గేటు లేచాక అడిగితే వెనుక బండివాడు హారను కొడతాడు గాని జవాబు రాదు.

పూర్వం మనవారు ప్రయాణం కట్టేటప్పుడు కొంగు చివర దారి ఖర్చు ముడి వేసుకొని బయలుదేరేవారు. ఎంత ఉన్నదో తడిమి చూసుకుంటూ నడిచేవారు. నేటి దారి ఖర్చు ఫోనులోనుండి మనకు తెలియకుండానే పోతున్నది, పెట్రోలులో పోతున్నది, చేపల ధరలో పోతున్నది, ఒక్కొక్కసారి తాతగారి నుయ్యి రూపంలో పోతున్నది. ఇవ్వవలసినది ఇద్దాము. ఎందుకంటే, వరద రోజున గట్టు మీద కూర్చున్న తల్లిని చూసినవారము, దారి విలువ మాకు తెలుసు. కాని ముడి ఒక్కసారి తడిమి చూసుకొని మరీ ఇద్దాము.

మా అమ్మ ఈ ఉగాదికి పుట్టింటనే ఉన్నది. నిన్న ఫోనులో, మామయ్యగారి ఇంటి వేపచెట్టు పువ్వు పచ్చడికి కోసుకున్నామని చెప్పింది. మీ అందరికీ ఈ సంవత్సరం దారులన్నీ శుభంగా ఉండాలని, బయలుదేరిన ప్రతివారూ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటున్నాము.